ఆటకథ చరిత్ర: పనిముట్టు ఎవరిది, స్వేచ్ఛ ఎవరిది?

కథలో పాఠకుడికి పాత్ర వుందా అన్నది పాత ప్రశ్న. రచయిత కథ ముగించి అచ్చుకు పంపిన తర్వాత పాఠకుడు చేయగలిగింది మెచ్చుకోవడమో, విసుగు పుట్టి పుస్తకం మూసేయడమో తప్ప మరొకటి లేదని మామూలుగా అనుకుంటాం. ఈ మామూలు అభిప్రాయానికి ఎదురుగా గత యాభై ఏళ్లుగా ఒక రచనారూపం నిలబడి వుంది. దాన్ని ఇంగ్లీషులో 'ఇంటరాక్టివ్ ఫిక్షన్' అంటారు. ఈ వ్యాసంలో దాన్ని 'ఆటకథ' అని పిలుస్తాను.

ఆటకథలో బొమ్మలుండవు. కంప్యూటర్ తెర మీద నాలుగు వాక్యాలు కనిపిస్తాయి: ఇది పాత మండువా ఇల్లు, వసారాలో ఒక చెక్క పెట్టె వుంది, ఉత్తరాన తలుపు మూసి వుంది. దాని కింద పాఠకుడు తాను చేయదలచుకున్నదాన్ని తానే టైపు చేయాలి: పెట్టె తెరువు. పెట్టెకు తాళం వేసి వున్నదనో, పెట్టెలో ఒక దీపం దొరికిందనో యంత్రం జవాబిస్తుంది. పాఠకుడు మళ్లీ టైపు చేస్తాడు. అతను కదలకపోతే కథ కదలదు.

ఈ రూపాన్ని గురించి రెండు తీర్పులు ప్రచారంలో వున్నాయి. ఇది ఆటే గాని సాహిత్యం కాదన్నది మొదటిది. ఈ తీర్పు చెప్పేవాళ్లు సాధారణంగా ఒక్క ఆటకథనైనా చివరిదాకా చదివినవాళ్లు కారు గనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. రెండోది దీనికి పూర్తిగా విరుద్ధం. ఆటకథలో పాఠకుడే రచయిత అయ్యాడనీ, రచయిత నిరంకుశత్వం అంతమైందనీ ఈ రెండో పక్షం అంటుంది. ఇది వినడానికి సొంపుగా వుంటుంది, కాని నిజం కాదు. పాఠకుడు టైపు చేయగల ప్రతి మాటనూ ముందుగా ఊహించి, దానికి జవాబు రాసిపెట్టినవాడు రచయితే. అతను ఊహించని మాటకు యంత్రం దగ్గర వున్న సమాధానం ఒక్కటే: అర్థం కాలేదు.

అయితే పాఠకుడి స్వేచ్ఛ వట్టి భ్రమేనా? అదీ కాదు. ఆ స్వేచ్ఛకు ఒక చరిత్ర వుంది. ఆటకథను తయారుచేసే పనిముట్టు ఎవరి చేతిలో వుందన్నదాన్నిబట్టి అది పెరుగుతూ తరుగుతూ వచ్చింది. ఈ సంగతిని చరిత్ర క్రమంలో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

మొదటి ఆటకథ ఒక నిజమైన గుహలోంచి పుట్టింది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అనే పెద్ద గుహల సముదాయం వుంది. దాని పక్కనే ఫ్లింట్ రిడ్జ్ గుహలున్నాయి. ఈ రెండూ లోపల ఎక్కడో కలుస్తాయని చాలాకాలంగా అనుమానం. 1972 సెప్టెంబరు 9న ఒక చిన్న బృందం భూగర్భంలో ప్రయాణం చేసి ఆ కలయికను కనుక్కుంది. ఆ బృందంలో పట్రిషియా క్రౌథర్ అనే స్త్రీ వుంది. ఆమె, ఆనాటి ఆమె భర్త విల్ క్రౌథర్ ఇద్దరూ గుహల కొలతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పటాలు గీశారు.

విల్ క్రౌథర్ ఉద్యోగం మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో. 1969లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో మొదలైన ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వలకు ప్రోగ్రాం రాసినవాళ్లలో అతనొకడు. నేటి ఇంటర్నెట్‌కు ఆ వలే పూర్వరూపం. భార్యాభర్తలు విడిపోయిన తర్వాత, 1975-76 ప్రాంతంలో, తన ఇద్దరు కూతుళ్లు ఆడుకోవడానికి వీలుగా క్రౌథర్ ఒక ప్రోగ్రాం రాశాడు. అందులో పిల్లలు తామెరిగిన మామూలు ఇంగ్లీషు మాటలు రెండు టైపు చేస్తే చాలు, గుహలో ముందుకు పోవచ్చు. దీపం తీసుకో, పడమరకు వెళ్లు, ఇలాంటివి. దీని పేరు 'అడ్వెంచర్'. అందులోని దారులు చాలావరకు కెంటకీ గుహల నిజమైన దారులే. ఈ సంగతి 2007లో డెనిస్ జెర్జ్ అనే అధ్యాపకుడు, అప్పటిదాకా పోయిందనుకున్న మొదటి మూలపాఠాన్ని పరిశీలించి, స్వయంగా గుహలోకి దిగి సరిచూసి నిరూపించాడు. అంటే ఆటకథ పుట్టుకలోనే వాస్తవికత వుంది. ఆ వాస్తవికతకు ఆధారమైన పటం ఒక్కడి శ్రమ కాదు. ఆ పటం వెనుక పట్రిషియా క్రౌథర్ శ్రమ కూడా వుందన్న సంగతి ఆటల చరిత్ర చెప్పేవాళ్లకు చాలాకాలం జ్ఞాపకం రాలేదు.

1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి ఈ ప్రోగ్రాం కంటపడింది. దీన్ని పెంచడానికి అనుమతి కోరుతూ, వలలో వున్న ప్రతి కంప్యూటర్‌కూ క్రౌథర్ పేరు మీద ఉత్తరం పంపాడు. జవాబు వచ్చింది. మూలపాఠం చేతికొచ్చింది. 1977 నాటికి వుడ్స్ గుహను విస్తరించి, కొత్త చిక్కులు పెట్టి, మొత్తం 350 మార్కుల లెక్క ఏర్పాటుచేశాడు. ఆ రూపంలోనే 'అడ్వెంచర్' దేశదేశాల ప్రయోగశాలలకు పాకింది. దొరికినవాడల్లా దానికి మరికొన్ని గదులు చేర్చాడు.

ఇక్కడ డబ్బు ప్రసక్తి లేదు, హక్కుల తగాదా లేదు. ఒకడు రాసింది మరొకడు పెంచాడు. మన జానపద కథ ఊరూరా తిరిగి పెరిగినట్టే ఇదీ పెరిగింది. కాని ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. జానపద కథకు కావలసిన పనిముట్టు నోరు. అది అందరికీ వుంది. ఆటకథకు కావలసిన పనిముట్టు పీడీపీ-10 అనే కంప్యూటర్. అది విశ్వవిద్యాలయాల్లోనూ, రక్షణశాఖ కాంట్రాక్టులున్న సంస్థల్లోనూ మాత్రమే వుండేది. కాబట్టి లోపలున్నవాళ్ల మధ్య అది సమష్టి సొత్తు. బయటున్నవాళ్లకు దాని వునికే తెలియదు. తొలిదశలోని వైరుధ్యం ఇదే.

2

ఆటకథ తయారీలో మూడు వస్తుసామగ్రులున్నాయి: స్థలాలు, వస్తువులు, క్రియలు. రచయిత మొదట స్థలాల పటం గీస్తాడు. వసారా నుంచి ఉత్తరానికి పోతే వంటిల్లు, వంటింటి నుంచి తూర్పుకు పోతే పెరడు. తర్వాత ఏ వస్తువు ఎక్కడుందో నిర్ణయిస్తాడు. దీపం పెట్టెలో వుంది, పెట్టె వసారాలో వుంది. పాఠకుడు దీపం తీసుకుంటే అది పెట్టెను వదిలి పాఠకుడి చేతికి చేరుతుంది. ఆ మార్పును యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. చివరిది క్రియల సంగతి. తీసుకోవడం, తెరవడం, వెలిగించడం, ఇవ్వడం, అడగడం ఒక్కొక్కటి ఏ వస్తువు మీద ఏ ఫలితమిస్తుందో రాసిపెట్టాలి. వంద వస్తువులూ యాభై క్రియలూ వుంటే అయిదు వేల జతలవుతాయి. వాటిలో చాలా భాగం అర్థం లేనివే కావచ్చు. కాని దీపాన్ని తినబోయిన పాఠకుడికి కూడా ఏదో ఒక జవాబు చెప్పితీరాలి. ఆటకథ రచయిత శ్రమలో ఎక్కువభాగం ఎవరూ చదవని వాక్యాలు రాయడంలోనే ఖర్చవుతుంది. పాఠకుడి స్వేచ్ఛ అంటే ఆ కనబడని శ్రమే.

ఈ శ్రమ లేకుండా స్వేచ్ఛను నటించడం సాధ్యమే. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ఎంఐటీలో 'ఎలైజా' అనే ప్రోగ్రాం ప్రకటించాడు. టైపు చేసినవాడి మాటనే ప్రశ్నగా మార్చి తిరిగి అప్పగించడం దాని పని. నాకు దిగులుగా వుంది అంటే, ఎందుకు దిగులుగా వుంది అని అడుగుతుంది. దానికి ఏ మాటా తప్పు కాదు, ఏ మాటా అర్థం కాదు. అది ఊఁ కొడుతుంది, అంతే. దానితో మాట్లాడినవాళ్లు కొందరు నిజంగా అర్థం చేసుకునే మనిషితో మాట్లాడుతున్నట్టు భ్రమపడడం చూసి వైజెన్‌బామే కలవరపడి, 1976లో దాన్ని గురించి ఒక పుస్తకం రాశాడు.

ఊఁ కొట్టడం మనకు బాగా తెలిసిన విద్య. ఇంట్లో పెద్దవాళ్లు కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. అంటే శ్రోత లేకపోతే కథ సాగదు. కాని ఆ ఊఁ కథను మార్చదు. భేతాళుడి కథల్లో శ్రోతకు మరొక మెట్టు పైన స్థానం వుంది. భేతాళుడు ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు తేల్చి చెప్పాలి. అయితే ఆ ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటే, అది ముందే నిర్ణయమైపోయింది. బుర్రకథలో వంతలు అడ్డు తగులుతారు, నిలదీస్తారు, ఆనాటి రాజకీయం మీద వ్యాఖ్యానిస్తారు. శ్రోత అడగదలచిన మాట వంత నోట వస్తుంది. ఆటకథలో మొదటిసారిగా వంత స్థానంలో శ్రోత స్వయంగా కూర్చున్నాడు. ఇందులో కొత్తదనం ఇంతే. తక్కువ చేయకూడదు, ఎక్కువా చేయకూడదు.

3

1977లో ఎంఐటీ కంప్యూటర్ ప్రయోగశాలలో మార్క్ బ్లాంక్, డేవ్ లెబ్లింగ్, టిమ్ ఆండర్సన్, బ్రూస్ డేనియల్స్ అనే నలుగురు, 'అడ్వెంచర్' ఆడి ముగించి, దాన్ని మించినదొకటి రాయాలని పూనుకున్నారు. అదే 'జోర్క్'. రెండు మాటల ఆదేశం స్థానంలో పూర్తి వాక్యం వచ్చింది. దీపంతో పెట్టెను కొట్టు అన్నా, పెట్టెలో వున్నవన్నీ తీసుకో అన్నా దానికి అర్థమవుతుంది. ఆట పూర్తికాక ముందే బయటివాళ్లు వల ద్వారా వచ్చి ఆడేవారు. యంత్రానికి అర్థంకాని మాటలు ఏవో రచయితలకు అలా తెలిసేవి. పాఠకుల మాటలతోనే ఆట పదకోశం పెరిగింది.

1979 జూన్‌లో ఎంఐటీకి చెందిన కొందరు కలిసి ఇన్ఫోకాం అనే కంపెనీ పెట్టారు. అప్పటికి ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు ప్రవేశిస్తున్నాయి. 1978లోనే స్కాట్ ఆడమ్స్ 'అడ్వెంచర్‌లాండ్' అనే ఆటను చిన్న కంప్యూటర్‌కు సరిపడేటట్టు కుదించి అమ్మి, ఈ సరుకుకు బజారు వుందని చూపించాడు. కాని 'జోర్క్' పెద్దది, చిన్న కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో పట్టదు. అందుకని దాన్ని మూడు భాగాలు చేశారు. మొదటిది 1980లో వచ్చింది. పైగా ఆ రోజుల్లో ఒక్కొక్క కంపెనీ కంప్యూటర్ ఒక్కొక్క తీరుగా వుండేది. ఒకదానికి రాసింది మరొకదానిలో నడవదు. జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ దీనికొక ఉపాయం కనిపెట్టారు. లోకంలో ఎక్కడా లేని ఒక ఊహాయంత్రాన్ని కాగితం మీద నిర్మించి, కథను ఆ యంత్రం కోసం ఒక్కసారి రాస్తారు. ఆ ఊహాయంత్రాన్ని అనుకరించే చిన్న ప్రోగ్రాం మాత్రం ప్రతి రకం కంప్యూటర్‌కూ విడిగా రాస్తారు. దీని పేరు జెడ్-మెషీన్. మూడు ఇంగ్లీషు అక్షరాలను రెండు బైట్లలో ఇమిడ్చి, వచనాన్ని మూటగట్టే పద్ధతి కూడా ఇందులో వుంది. అచ్చుయంత్రం పుస్తకానికి ఎలాంటిదో ఆటకథకు జెడ్-మెషీన్ అలాంటిది.

వ్యాపారం ప్రవేశించగానే కళ దిగజారుతుందనే సూత్రం ఇక్కడ నేరుగా వర్తించదు. ఇన్ఫోకాం పదేళ్లలో ముప్ఫైకి పైగా ఆటకథలు ప్రచురించింది. జీతాలు తీసుకుని రాసే రచయితలు, తప్పులు పట్టే పరీక్షకులు వుండడంవల్ల రూపం పదునెక్కింది. 1982లో వచ్చిన 'డెడ్‌లైన్' హత్యాపరిశోధన. అందులో గడియారం నడుస్తుంది, పాత్రలు పాఠకుడి కోసం ఆగకుండా తమ పనుల మీద తాము తిరుగుతుంటాయి. 1985లో స్టీవ్ మెరెట్స్కీ 'ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్' రాశాడు. కథానాయకుడు ఒక కంప్యూటర్ ప్రోగ్రాం. ప్రభుత్వం ప్రతిపాదించిన ఒక జాతీయ పథకం అమలైతే అమెరికాలో ఒక పట్టణం పదేళ్లకూ, ఇరవై ఏళ్లకూ, ఇంకా ఆ తర్వాతా ఎలా వుంటుందో తిరిగి చూసి రావడం అతని పని. పొడుపుకథలు, నిక్షేపాలు దాదాపు లేవు. పాఠకుడు చేయవలసిన పనల్లా చూడడమే. ఒక్కొక్కసారి వెళ్లినప్పుడు అవే వీధుల్లో పోలీసుల జులుం పెరగడం, బతుకు ఇరుకు కావడం చూస్తాడు. ఆనాటి రీగన్ ప్రభుత్వ విధానాల మీద తన కోపమే ఈ కథ రాయించిందని మెరెట్స్కీ దాచుకోలేదు. 1986లో బ్రయన్ మోరియార్టీ రాసిన 'ట్రినిటీ' అణుయుద్ధం మొదలయ్యే రోజున లండన్ పార్కులో ప్రారంభమై, అణుబాంబు చరిత్రలోని ఒక్కొక్క ఘట్టం గుండా పాఠకుణ్ణి నడిపించి, 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో జరిగిన మొదటి పరీక్ష దగ్గరికి చేరుస్తుంది. ఈ రెండూ వస్తువును బట్టి రూపం మారిన రచనలు. చరిత్రను చదివినవాడు వేరు, చరిత్రలో నిలబడి చేయి చాచి అందనిదేదో తెలుసుకున్నవాడు వేరు.

కాని ఈ విజయానికి రెండో పార్శ్వం వుంది. ఇన్ఫోకాం రచయితలు వాడిన రచనాభాష, దాన్ని నడిపే పెద్ద కంప్యూటర్ కంపెనీ గోడల మధ్యనే వుండేవి. ఇంట్లో కూర్చుని 'జోర్క్' ఆడే లక్షల మందికి ఆడే హక్కు కొనుక్కోవడం సాధ్యమైందే గాని, అదే పనిముట్టుతో తామొక కథ రాయడం సాధ్యం కాలేదు. 'అడ్వెంచర్' దొరికినవాడు దానికొక గది కలపగలిగాడు. 'జోర్క్' కొన్నవాడు కలపలేకపోయాడు. పాఠకుల సంఖ్య వేల రెట్లు పెరిగి, రచయితల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతకు కుదించుకుపోయింది. వాళ్లలో దాదాపు అందరూ పురుషులు, దాదాపు అందరూ ఒకే ప్రాంతపు చదువులు చదివినవాళ్లు. నాయిక స్థానంలో పాఠకుణ్ణి నిలబెట్టిన 'ప్లండర్డ్ హార్ట్స్' అనే ఆటకథను ఎమీ బ్రిగ్స్ రాసే వేళకు 1987 వచ్చింది. పనిముట్టు కొద్దిమంది చేతిలో వుంటే అనుభవం కూడా కొద్దిమందిదే అవుతుందనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాతి పతనం త్వరగా జరిగింది. ఆటల మీద వచ్చిన ఆదాయాన్ని కంపెనీ 'కార్నర్‌స్టోన్' అనే వ్యాపార ప్రోగ్రాం మీద ఖర్చుపెట్టింది. 1985లో విడుదలైన ఆ సరుకు అమ్ముడుపోలేదు. ఇంకోవైపు బొమ్మల ఆటలు బజారును ఆక్రమించాయి. 1986లో యాక్టివిజన్ కంపెనీ ఇన్ఫోకాంను కొని, 1989లో మూసేసింది. ఆటకథ చచ్చిపోయిందని బజారు తీర్మానించింది. బజారు చావుగా లెక్కపెట్టేది అమ్మకం ఆగిపోవడాన్ని మాత్రమే.

4

నిజానికి ఆ రూపం చావలేదు, చేతులు మారింది. ఇన్ఫోకాం ఆటలను అభిమానించే కొందరు ప్రోగ్రామర్లు డిస్కుల మీది అంకెలను ఒక్కొక్కటే విప్పి చూసి, జెడ్-మెషీన్ ఎలా పనిచేస్తుందో కనిపెట్టి, దాన్ని అనుకరించే ప్రోగ్రాములు రాశారు. ఆ పునాది మీద 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివిన గ్రాహం నెల్సన్ 'ఇన్‌ఫాం' అనే రచనాభాషను తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. దానితో తానే రాసిన 'కర్సెస్' అనే ఆటకథను అదే సంవత్సరం విడుదల చేశాడు. మూతబడిన కంపెనీ ఊహాయంత్రం మీద, కంపెనీతో సంబంధం లేని వ్యక్తి రాసిన కొత్త కథ నడిచింది. పాఠకుడికి పదిహేడు హక్కులున్నాయనీ, వాటిని రచయిత ఉల్లంఘించకూడదనీ వాదిస్తూ నెల్సన్ వ్యాసాలు కూడా రాశాడు. హెచ్చరిక లేకుండా పాఠకుణ్ణి చంపకూడదు, సరైన మాట ఏదో ఊహించుకునే శిక్ష వేయకూడదు అన్న ధోరణిలోవి అవి. ఈ రూపానికి విమర్శ అప్పుడే మొదలైంది.

1995లో ఆటకథల వార్షిక పోటీ ప్రారంభమై నేటికీ జరుగుతున్నది. న్యాయనిర్ణేతలు పాఠకులే. ఒక్కొక్క కథను రెండు గంటలకు మించి ఆడకుండానే మార్కులు వేయాలన్నది నియమం. ఈ చిన్న నియమం పెద్ద మార్పు తెచ్చింది. ఇన్ఫోకాం సరుకు కొన్నవాడికి డబ్బుకు తగిన వారాల కాలక్షేపం కావాలి గనుక కథను చిక్కులతో సాగదీయవలసివచ్చేది. ఆ అవసరం పోయింది. పత్రికలో నాలుగు పేజీల జాగా చిన్నకథను రూపొందించినట్టు, రెండు గంటల నియమం చిన్న ఆటకథను రూపొందించింది. 1998లో ఆడమ్ కాడ్రె రాసిన 'ఫోటోపియా' ఆ పోటీలో గెలిచింది. అందులో చిక్కులు దాదాపు లేవు. ఒక బాలిక మరణాన్ని అనేక పాత్రల కళ్లతో చూపించే ఆ కథలో పాఠకుడు ఏం టైపు చేసినా ఆమెను కాపాడలేడు. స్వేచ్ఛ లేకపోవడమే అక్కడ కథావస్తువు. 2000లో ఎమిలీ షార్ట్ రాసిన 'గలాటియా'లో ఒకే ఒక గది, ఒక శిల్పం, పాఠకుడు. సంభాషణ నడిచిన తీరునుబట్టి ముగింపులు డజన్లకొద్దీ వున్నాయి. ఈ రెండు కథలూ ఏ కంపెనీ లెక్కలోనూ లాభసాటి కావు. పనిముట్టు చేతులు మారకపోతే ఇవి పుట్టేవి కావు.

2009లో క్రిస్ క్లిమాస్ 'ట్వైన్' అనే ఉచిత సాధనాన్ని ఇచ్చిన తర్వాత ప్రోగ్రాం రాయడం రానివాళ్లు కూడా ఈ రంగంలోకి వచ్చారు. ట్వైన్‌లో టైపు చేయనక్కర్లేదు. వచనంలో కొన్ని మాటలు నొక్కడానికి వీలుగా వుంటాయి, నొక్కితే కథ ఆ దారిన పోతుంది. స్త్రీలు, లింగభేదం కారణంగా అణచివేతకు గురైనవాళ్లు, మానసిక వ్యాధితో బాధపడుతున్నవాళ్లు తమ అనుభవాలను ఈ రూపంలో రాశారు. ఇది నిజమైన విస్తరణ. అయితే దీనికి చెల్లించిన మూల్యాన్ని కూడా గుర్తించాలి. టైపు చేసే పాఠకుడు రచయిత ఊహించనిది అడగగలడు, అడిగి రచయితను ఓడించగలడు. నొక్కే పాఠకుడు ఇచ్చిన నాలుగింటిలో ఒకటి ఎన్నుకుంటాడు. రచయితల సంఖ్య పెరిగిన చోట పాఠకుడి చొరవ కొంత తగ్గింది. ఒకటి పెరిగితే రెండోది తప్పకుండా పెరుగుతుందన్న సూత్రమేమీ లేదు. ఇంకొక సంగతి. ఈ కథలు రాసేవాళ్లలో చాలామంది జీతం లేకుండా, ఉద్యోగం చేసి మిగిలిన వేళల్లో రాస్తున్నారు. పనిముట్టు ఉచితంగా దొరకడమూ, శ్రమకు తిండి దొరకడమూ వేరు వేరు సమస్యలు. మొదటిది తీరింది, రెండోది తీరలేదు.

'జోర్క్' సంగతి ముగించాలి. యాక్టివిజన్‌ను 2023లో మైక్రోసాఫ్ట్ కొన్నది. 2025 నవంబరులో 'జోర్క్' మూడు భాగాల మూలపాఠాన్ని ఎవరైనా చదివి, మార్చి, వాడుకోవచ్చునని ఆ కంపెనీ ప్రకటించింది. అభిమానులు ఎన్నో ఏళ్లు శ్రమించి విప్పుకున్న తర్వాత, అమ్మకానికి విలువ పోయిన తర్వాత వచ్చిన దానం ఇది. అయినా స్వాగతించవలసిందే. ఒక విద్యార్థి ఇప్పుడు ఆ గదుల పక్కన మరొక గది కట్టవచ్చు.

5

ఇంతవరకు చెప్పిన చరిత్ర దాదాపు అంతా ఇంగ్లీషుది. స్పానిష్, ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ రచయితలు ఇన్‌ఫాంను తమ భాషలకు అనువుగా మలుచుకున్నారు. తెలుగు పాఠం చెప్పేవాడికి సహజంగా తోచే ప్రశ్న, ఈ పనిముట్టు తెలుగు మాటను ఎలా వింటుందన్నది.

'అడ్వెంచర్' ప్రోగ్రాం ప్రతి మాటలోనూ మొదటి ఐదు అక్షరాలు మాత్రమే చూసేది. ఇంగ్లీషులో దీపం అనే మాట వాక్యంలో ఎక్కడున్నా దీపమే గనుక అది చెల్లింది. తెలుగులో దీపం, దీపాన్ని, దీపంతో, దీపానికి అని మాట తోక మారుతుంది. లిపి సంగతి చూడండి. 'పుస్తకం' మన కంటికి మూడక్షరాలు. యంత్రం లెక్కలో గుణింతపు గుర్తులూ, వత్తు గుర్తూ, సున్నా విడిగా లెక్కించగా ఏడు. మొదటి ఐదు తీసుకుంటే 'పుస్త' మిగులుతుంది. పుస్తకాన్ని, పుస్తకంలో అన్న రూపాలు కూడా దానితో కలుస్తాయి. కాని 'దీపం', 'దీపాన్ని' అన్న చిన్నమాటల దగ్గర ఐదో గుర్తు రాకముందే దారులు చీలిపోతాయి. కాబట్టి ఇంగ్లీషు ఉపాయాన్ని ఎత్తుకొచ్చి తెలుగులో అతికించడం కుదరదు. విభక్తులు విడదీయడం తెలిసిన యంత్రం కావాలి.

క్రియల సంగతి ఇంకా ఆసక్తికరం. తలుపు తియ్యి అంటే తెరవమని. పెట్టెలోంచి దీపం తియ్యి అంటే బయటికి తీసుకోమని. తలుపు వెయ్యి అంటే మూయమని. లైటు వెయ్యి అంటే వెలిగించమని. తాళం వెయ్యి, రాయి వెయ్యి, ముగ్గు వెయ్యి ఒక్కొక్కటి ఒక్కొక్క పని. క్రియ అర్థం కర్మను బట్టి నిర్ణయమవుతుంది. క్రియ చివర వచ్చే భాష కావడంవల్ల కర్మ ముందే తెలుస్తుంది, ఇది సౌకర్యమే. పైగా మండలమండలానికీ మాట మారుతుంది. 'తీస్కో' అని టైపు చేసిన తెలంగాణ పిల్లవాడికి 'అర్థం కాలేదు' అని జవాబిచ్చే ఆటకథ, తెలుగులో వుండి కూడా అతని భాషలో లేనట్టే. ఏ మాటలు అంగీకరించాలన్న నిర్ణయంలో ఎవరి వాడుక ప్రమాణమన్న పాత తగాదా మళ్లీ తలెత్తుతుంది. వ్యావహారిక భాషోద్యమం నడిచిన నేల మీద ఆ తగాదాను యంత్రానికి వదిలిపెట్టలేం.

ఇంకొక చిక్కు ఆటకథ మొదటి వాక్యంలోనే ఎదురవుతుంది. ఇంగ్లీషు ఆటకథ పాఠకుణ్ణి సంబోధించే మాట ఒక్కటే, అందులో హెచ్చుతగ్గులు కనపడవు. తెలుగులో రచయిత నువ్వు అనాలో మీరు అనాలో తేల్చుకోవాలి. నువ్వు అంటే చనువా, చులకనా? మీరు అంటే గౌరవమా, దూరమా? కథలో దొర పాఠకుణ్ణి నువ్వు అని పిలిచి, పాఠకుడు దొరను మీరు అని టైపు చేయవలసివస్తే, ఆ ఒక్క మాటలోనే కథ మొదలైపోయింది. ఇంగ్లీషువాడికి లేని ఈ వసతి మన రచయితకు వుంది. మధ్యమపురుషలో మన క్రియ ఆడా మగా తేడా చూపదు గనుక, పాఠకురాలిని మగవాడిగా నటించమనే అగత్యమూ లేదు.

ఈ శ్రమంతా ఇప్పుడెందుకు, ఏమి టైపు చేసినా జవాబిచ్చే యంత్రాలు వచ్చాయి కదా అని అడగవచ్చు. వచ్చాయి. 2019లో 'ఏఐ డంజియన్' అనే ఆట ఆ పద్ధతిలోనే వచ్చింది. అందులో అర్థం కాలేదు అన్న మాట లేదు. పాఠకుడు ఏది కోరితే అది జరుగుతుంది. కాని ఆ ఆటలో, దీపం పెట్టెలో వుందని రచయిత పెట్టి, యంత్రం గుర్తుపెట్టుకున్న లోకం లేదు. ఇందాక వున్న తలుపు ఇప్పుడు లేకపోవచ్చు. ఏ తలుపూ మూసి లేని ఇంట్లో తెరవడానికి అర్థం లేదు. వైజెన్‌బామ్ ఎలైజా ఊఁ కొట్టడమే ఎన్నో రెట్లు ప్రతిభతో మళ్లీ వినిపిస్తున్నది. వచన సంపదలో పోలిక లేదు, సంబంధంలో పోలిక వుంది. పైగా ఇలాంటి యంత్రాల్లో పెద్దవి కొద్ది కంపెనీల చేతిలో వున్నాయి. వాటి మీద కట్టిన కథ ఆ కంపెనీ దయ వున్నన్నాళ్లే నడుస్తుంది. ఇన్ఫోకాం గోడలు మళ్లీ లేస్తున్నాయి. ఈసారి గోడ లోపల వున్నది రచనాభాష మాత్రమే కాదు, కథ చెప్పే గొంతు కూడా. ఈ కొత్త యంత్రాలను వాడకూడదని నేననను. రచయిత నిర్మించిన లోకాన్ని కాపాడుతూ, పాఠకుడి మాండలికాన్ని అర్థం చేసుకునే వంతగా వాటిని నియమించుకోవచ్చు. వంతను కథకుడి స్థానంలో కూర్చోబెట్టడం మాత్రం వేరే సంగతి.

తెలుగు లిపి 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే వుంది. రచనాసాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. మిగిలింది విభక్తులనూ, క్రియారూపాలనూ, జిల్లాజిల్లా వాడుకనూ పోగుచేసి యంత్రానికి నేర్పే పని. అది ప్రోగ్రామర్ ఒక్కడి పని కాదు. వ్యాకరణం చదివినవాడూ, కథ రాసేవాడూ, పల్లె మాట మాట్లాడేవాడూ కలిసి చేయవలసిన పని. క్రౌథర్ దంపతులు గుహను కొలిచినట్టు, ముందు మన భాషను కొలిచి పటం గీసుకోవాలి. ఆ పటం ఒక కంపెనీ సొత్తు కాకుండా, దొరికినవాడల్లా మరొక గది చేర్చడానికి వీలుగా బయట వుంచాలి. తెలుగు పాఠకుడికి ఆటకథలో ఎంత స్వేచ్ఛ వుంటుందన్నది ఆ పటాన్ని ఎవరు గీస్తారు, ఎవరి దగ్గర వుంచుతారు అన్నదాన్నిబట్టి తేలుతుంది.